ముట్లుడిగిన యిల్లాలి విస్తరి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక వేళలందు ఈ గ్రంథాలయపు బీరువాలలోని భారత భాగవతములను, వైద్యగ్రంథములను గురువు లేకయే కూడబలుకుకొని చదువుకొన్నవాడను. వైద్యుడను కాను. కావున నేనిపుడు చెప్పబోవునది చికిత్స కాదు. చదివినదియు, చదివినదానిని లెక్కగట్టి చూచినదియు మాత్రమే మీకు విన్నవించెదను.

రజతోత్సవము గదా, ఏ ప్రబంధమునుగూర్చియో మాటాడుమని మిత్రులు కోరిరి. స్త్రీలకు ముట్లుడుగు వయస్సున కలుగు బాధలనుగూర్చి, ఆ వయస్సున వారు తినవలసిన తిండినిగూర్చి మాటాడెదనంటిని. ఇది సభలో మగవాడెత్తవలసిన మాటయా యని ఒకరిద్దరు సందేహించిరి. వారికి నా సమాధానమిది. ఇంటికి బియ్యము కొనువాడు మగవాడు. పాడిగేదె పాలను కేంద్రమునకు పోయించువాడు మగవాడు. ఆసుపత్రిలో సొమ్ము కట్టి కాగితముపై చేవ్రాలు చేయువాడును తరచుగా మగవాడే. అట్టి యెడ ఈ మాట వినవలసినవాడును అతడే గదా!

మన యిండ్లలో ఆడపిల్ల పుష్పవతి యైననాడు ఏమి చేయుదుము? నువ్వులును బెల్లమును దంచి చిమ్మిలి ముద్దలు తినిపింతుము. మినుములు దోరగా వేయించి విసరి, బెల్లము, నేయి చేర్చి సున్నియుండలు కట్టుదుము. పేరంటాండ్రందరును తలకొక ముద్ద తెచ్చి పెట్టుదురు. ఆ పిల్లయే పెరిగి పెద్దదై బిడ్డను కన్ననాడు, కాయము, వెల్లుల్లి, పాతబియ్యపు అన్నము, పథ్యము అని యిల్లంతయు ఆమె చుట్టు తిరుగును. ఈ రెండు ఘట్టములందును శరీరము మారుచున్నదనియు, మారు శరీరమునకు వేరు తిండి కావలెననియు మన పెద్దలెరుగుదురు.

కాని స్త్రీ జీవితమున మూడవ ఘట్టమొకటి కలదు. రజస్సు మొదలైననాడు ఎంత మార్పో, అది నిలిచిననాడును అంత మార్పే. ఆనాడు మాత్రము ఎవరును చిమ్మిలి దంచరు. పేరంటము లేదు, పథ్యము లేదు, కనీసము అడుగు నాథుడు లేడు. "ఈమధ్య ఆమెకు కోపమెక్కువైనది" అని కోడలును, "ఎప్పుడును నీరసమే" అని కొడుకును అనుకొని యూరకుందురు. మొదటి రెండింటికివలె ఈ మూడవ ఘట్టమునకును మన యింట పీట వేయవలెననుటయే నేను చెప్పదలచిన మాట. తక్కినదంతయు దానికి లెక్క.

ముందుగా ఇది రోగము కాదని తెలియవలెను. పండ్రెండవ యేట మొదలైన రజస్సు ఏబదవ యేటికి క్షయించునని సుశ్రుతుడు తన సంహితలో చెప్పియున్నాడు. నేటి వైద్యులు పండ్రెండు నెలలు వరుసగా ముట్టు రానిచో నివృత్తి యైనట్లు లెక్కింతురు. పాశ్చాత్య దేశములలో ఇది సామాన్యముగా 51వ యేట జరుగగా, మన దేశమున 46, 47 సంవత్సరములకే జరుగుచున్నది. అనగా మన స్త్రీలు నాలుగైదేండ్లు ముందుగానే ఈ గట్టు దాటుచున్నారు. గర్భకోశమున కిరువైపుల నుండు అండకోశములు అంతవరకు ఈస్ట్రోజెన్ అను హార్మోనును పుట్టించుచుండును. అది నెలనెలా వచ్చు ముట్టుకు మాత్రమే కాక, ఎముకలకు, రక్తనాళములకు, నిద్రకు, చర్మమునకు గూడ కావలి. ఆ కావలి తగ్గుటతోడనే బాధలు తలయెత్తును.

ఆ బాధలేవి? ఉన్నట్టుండి రొమ్ము నుండి మొగము దాక వేడి ఆవిరి యెగసి, చెమట పట్టి, పిమ్మట చలి పుట్టుట, నడిరేయి చెమటతో మెలకువ వచ్చి మరల నిద్రపట్టకుండుట, గుండెదడ, కీళ్ళ నొప్పులు, మతిమరుపు, చిరాకు, మూత్రమున మంట. వీనిలో కొన్ని కొందరికే, కొన్నాళ్ళే. కొందరికి ఏమియు తెలియకయే గడచిపోవును. కొందరికి ఏండ్లతరబడి నిలుచును. మన ప్రాంతపు స్త్రీలు ఆవిరులకన్న కీళ్ళ నొప్పులను, నీరసమును ఎక్కువగ చెప్పుకొందురు. చెప్పుకొనుటకు వినువారున్నప్పటి మాట యిది.

ఇక తిండి యీ బాధలను మాన్పునా? ఇచ్చట నిక్కము చెప్పవలెను. కొన్నింటిపై తిండి ప్రభావము తక్కువ. కొన్నింటిపై చాల యెక్కువ. ఈ రెంటిని కలగాపులగము చేయుటవలననే పొడుల వ్యాపారులు లాభపడుచున్నారు.

వేడి ఆవిరుల సంగతి మొదట చూతము. జపాను స్త్రీలలో ఇవి తక్కువయని, వారు సోయాచిక్కుడు ఎక్కువగ తినుటయే కారణమై యుండునని తలంచి, లోకమున అనేక దేశములలో ప్రయోగములు చేసిరి. సోయాలో ఈస్ట్రోజెనును పోలిన పదార్థములు కలవు. ఫలితములు మాత్రము ఏకవాక్యముగ లేవు. కొన్నింట కొద్దిపాటి మేలు కనబడినది. కొన్నింట ఏమియు కనబడలేదు. ఉత్తర అమెరికాలోని రజోనివృత్తి వైద్యసంఘము 2023లో ఈ ప్రయోగములన్నిటిని పరిశీలించి, ఆవిరులకు చికిత్సగా సోయాను సిఫారసు చేయలేదు. సోయాగింజ మంచి పప్పుదినుసే, తినవచ్చును; కాని అది మందని నమ్మి వేలకు వేలు పోసి డబ్బాలు కొనవలదు.

అదే సంఘము మేలని చెప్పినవానిలో బరువు తగ్గుట యొకటి. అమెరికాలో పదునేడువేలకు పైబడిన స్త్రీలపై జరిగిన పరిశోధనఫలితము 2012లో వెలువడినది. కొవ్వు తగ్గించి, కూరగాయలు, పండ్లు, పొట్టు తీయని ధాన్యములు పెంచి, దానివలన బరువు తగ్గినవారిలో, తగ్గనివారిలోకన్న ఎక్కువమందికి ఏడాదిలోపల ఆవిరులు పోయినవని అందు తేలినది. స్థూలకాయము కలవారికిది ఆశ కలిగించు వార్త. బక్కపలుచని కూలి తల్లికి మాత్రము బరువు తగ్గుమను సలహా చేటు. ఒకే సలహా ఊరందరికి చెల్లదు.

మరియొకటి. పొగలు కక్కు కాఫీ, మితిమీరిన కారము, మద్యము కొందరికి ఆవిరిని రేపును, కొందరికి రేపవు. ఎవరికేది పడదో తెలియుటకు నా వృత్తిలోని ఉపాయమొకటి చెప్పెదను. ఒక చిన్న పుస్తకమున తేదీవారీగ, ఆవిరి వచ్చిన వేళయు, దానికి ముందు తిన్నదియు త్రాగినదియు పదిహేను దినములు వ్రాయించుడు. చదువురాని తల్లికి మనుమరాలు వ్రాసిపెట్టగలదు. పక్షము తిరుగునప్పటికి లెక్క తానే మాటాడును.

ఇక తిండి నిజముగ అధికారము చలాయించు చోటు ఎముక. ఎముకను గాదెతో పోల్చవచ్చును. బాల్యము నుండి ఇంచుమించు ముప్పది యేండ్ల వరకు గాదెలో ధాన్యము నిండును. పిమ్మట కొంతకాలము వచ్చినది వచ్చినట్లు, పోయినది పోయినట్లు సరిపోవును. ముట్లుడిగిన తరువాతి మొదటి అయిదారేండ్లలో గాదె అడుగున కన్నము పడినట్లు ధాన్యము జారిపోవును. ఏటికి నూటికి రెండు పాళ్ళ వరకు ఎముక తరుగుట కలదు. ఈ జారుడు నిశ్శబ్దముగ సాగును. నొప్పి లేదు, జ్వరము లేదు. పదునైదు ఇరువది యేండ్లకు, స్నానాలగదిలో కాలుజారిన నాడు తుంటి విరుగును. లేదా నడుము క్రమముగ వంగిపోవును. "ముసలితనము" అని మనమనుకొందుము. అందు సగము ముసలితనము, సగము మన వంటయింటి లెక్క.

ఈ లెక్క చూచినవారు మనకు దగ్గరలోనే కలరు. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థవారు హైదరాబాదులో ముప్పది నుండి అరువది యేండ్ల లోపు పేదస్త్రీల ఎముకలను పరీక్షించి 2005లో ఫలితము ప్రకటించిరి. ఆ స్త్రీలు దినమునకు తినుచున్న కాల్షియము, అనగా ఎముకను కట్టు సున్నపు ధాతువు, మూడువందల మిల్లీగ్రాములకన్న తక్కువ. ఎముకలును దానికి తగినట్లే పలుచనైయున్నవి. ఆ యేటనే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ముట్లుడిగిన 164 మంది దక్షిణాది స్త్రీల రక్తమును పరీక్షించి ప్రకటించిన ఫలితములో, నూటికి 82 మందికి డి విటమిను చాలలేదు. ఏడాది పొడుగున ఎండ కాయు సీమలో, ఎండవలన పుట్టు విటమిను కొరవడుట వింతగదా! తిన్న సున్నమును ఒంట బట్టించునది ఆ విటమినే.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన పట్టిక ప్రకారము వయోజనులకు దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. ముట్లుడిగిన స్త్రీకి 1200. ఇప్పుడు మన కంకిపాడు ప్రాంతమున ఒక సామాన్య గృహిణి విస్తరిని అడంగలు వ్రాసినట్లు వ్రాసి చూతము. మూడువందల గ్రాముల బియ్యపు అన్నము: ముప్పది మిల్లీగ్రాములైన ఉండదు. కందిపప్పు ముప్పది గ్రాములు: ఇరువది. వంకాయవంటి కూర: పదునైదు, ఇరువది. రెండు మార్లు టీలో కలిసిన పాలు: నూటయిరువది. చివరి ముద్దకు పలుచని మజ్జిగ: అరువది. మొత్తము ఇన్నూటయేబది. కావలసినది పండ్రెండు వందలు, జమయైనది రెండువందల యేబది. ఇట్టి ఖాతా నా చేతికి వచ్చిన, ఈ ఆసామి దివాలా తీయుటకు ఎన్నాళ్ళని యడుగుదును.

ఈ స్థితి ఎట్లు వచ్చినది? 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. కాలువలు వచ్చినవి, మాగాణి వచ్చినది, కరవు పోయినది. ఆ మేలు మరువరానిది. కాని కాలువనీరు పారినచోట జొన్న, రాగి, సజ్జ వెనుకకు పోయి, వరి ఒక్కటే నిండినది. పిమ్మట మరలు వచ్చి ఆ వరిని గూడ తెల్లగా పాలిషు పట్టినవి. బియ్యపు తవుడుతోబాటు సారము పోవుటవలన, ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో మన సర్కారు జిల్లాల తీరము బెరిబెరి వ్యాధికి పేరుపడినది. కూనూరు పరిశోధనాలయమును స్థాపించిన మెకారిసన్ దొర దానిని పరిశోధించి గ్రంథము వ్రాసినాడు. తిండిలోని కొరత కొన్నాళ్ళకు రోగమై బయటపడునని లోకమునకు చాటిన సీమలలో మనదియు ఒకటి. బెరిబెరి పోయినది. తెల్లబియ్యము నిలిచినది. ఇప్పటి కొరత ఎముకలో బయటపడుచున్నది.

మరి విస్తరిని సరిచేయుటెట్లు? దూరదేశపు సరకు అక్కరలేదు. ఉదయమున ఏబది గ్రాముల రాగిపిండితో జావ కాచి మజ్జిగ కలిపి త్రాగిన, రాగిలో సుమారు నూటయెనుబది. పాలు, పెరుగు, చిక్కని మజ్జిగ అన్నియు కలిసి దినమునకు అర లీటరు పాలకు సరిపడినంతయైన ఆరువందలు. పదునైదు గ్రాముల పొట్టునువ్వులు, అనగా ఒక చిన్న చిమ్మిలియుండ, సుమారు నూటయెనుబది. మునగాకో తోటకూరయో నూరు గ్రాములు పప్పులో వేసిన మూడువందలు. మొత్తము పండ్రెండువందల అరువది. లెక్క సరిపోయినది. చూచితిరా! పుష్పవతి యైన పిల్లకు పెట్టిన చిమ్మిలియే మరల ముట్లుడిగిన తల్లికి పెట్టవలసివచ్చినది.

ఇందొక మెలిక కలదు, దాచిన అసత్యమగును. విస్తరిలోనిదంతయు ఒంటబట్టదు. తోటకూరలోను, పొట్టునువ్వులలోను ఉండు కొన్ని పదార్థములు సున్నమును పట్టి బిగించి బయటకు గొనిపోవును. మునగాకు ఈ విషయమున తోటకూరకన్న మేలు. పాల సున్నము తేలికగా ఒంటబట్టును. కావున ఒకే వస్తువును నమ్ముకొనక నాలుగింటిని కలిపి తినుట క్షేమము. రాగులను నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టించిన మరికొంత మేలు. ఎండ మాట మరువరాదు. పగటివేళ చేతులు, మోచేతులు, కాళ్ళు సోకునట్లు కొంతసేపు ఎండలో నడచిన విటమినును, నడకయు రెండును లభించును. బరువు మోసిన ఎముకయే గట్టిపడును. కూర్చుండబెట్టిన యెముక కరగును.

పాడి లేని యింటి మాట యేమని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. అర లీటరు పాలు కొనలేని తల్లికి పావు లీటరైనను మేలే. ముల్లుతో నమిలి తినదగిన చిరుచేపలు కాలువగట్టున దొరకు చోట అవి యెముకకు బంగారము. ఉలవలు నూరు గ్రాములలో సుమారు 270 మిల్లీగ్రాములు కలవు. మన ప్రాంతమున ఉలవచారు మనము త్రాగి, గింజలు పశువులకు వేయు అలవాటు కలదు. గింజలను గూడ గుగ్గిళ్ళుగ తిన్న తప్పులేదు. పశువు అభ్యంతరము చెప్పదు! వరి కోతకు ముందు చేలో చల్లిన మినుము ఇంటికి వచ్చును గదా. అందు మాంసకృత్తులు నూటికి ఇరువది పాళ్ళకు మించి కలవు. వయస్సు మీరిన కొలది కండ తరుగును. ఆ కండను నిలుపుటకు పూటపూటకు పప్పో, గ్రుడ్డో, చేపయో, పెరుగో ఉండవలెను.

"ఇంత యెందుకు, రోజుకొక బిళ్ళ మింగిన పోదా?" అనువారు కలరు. అమెరికాలో 36 వేలకు పైబడిన స్త్రీలకు ఏడేండ్లు కాల్షియము, డి విటమిను బిళ్ళలిచ్చి చూచి, 2006లో ఫలితము ప్రకటించిరి. తుంటి ఎముక సాంద్రత కొద్దిగ మెరుగైనది. తుంటి విరుగుడు మాత్రము చెప్పుకోదగినంత తగ్గలేదు. మూత్రపిండములలో రాళ్ళు కొంత పెరిగినవి. కొరత తీవ్రముగ నున్నవారికి వైద్యుడు బిళ్ళలు వ్రాసిన వేయవలసినదే. తమంతట తాము కొని మింగుట తగదు. బిళ్ళ తీర్చలేని కొరతలను గూడ విస్తరి తీర్చును.

ఎముక తరువాత నెత్తురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన రాష్ట్రమున 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదని తేలినది. ముట్లుడుగుటకు ముందు రెండుమూడేండ్లు ముట్టు క్రమము తప్పి, కొందరికి అధిక రక్తస్రావమగును. అప్పటికే పలుచనైన నెత్తురు మరింత పలుచనగును. గుండెదడ, ఆయాసము, కండ్లు తిరుగుట, నీరసము కలుగును. ఇవి అన్నియు ముట్లుడుగుటవలననే యని తలంచి యూరకుందురు. నిజమునకు సగము రక్తహీనతయే. ఆకుకూరలు, ఉలవలు, నువ్వులు, మాంసాహారులకు చేప, కాలేయము ఇనుమును ఇచ్చును. అన్నములో నిమ్మకాయ పిండుకొనుట, ఉసిరికాయ తినుట ఇనుమును ఒంటబట్టించును. భోజనము కాగానే త్రాగు టీ దానిని చెడగొట్టును. కావున టీకిని అన్నమునకును గంట యెడముండవలెను. కాసు ఖర్చు లేని ఔషధమిది.

పిమ్మట గుండె. ఈస్ట్రోజెన్ కావలి తొలగిన తరువాత స్త్రీకిని పురుషునివలె రక్తపుపోటు, గుండెజబ్బు, మధుమేహము దాపురించును; నడుము చుట్టును కొవ్వు చేరును. ఉప్పు దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మించరాదని వైద్యలోకపు మాట. ఆవకాయ, మాగాయ, అప్పడము, వడియము నాలుగును ఒకే పూట విస్తరిలో నుండిన ఆ చెంచా ఎప్పుడో నిండును. అధికమైన ఉప్పు మూత్రముతోబాటు ఎముకలోని సున్నమును గూడ బయటకు లాగును. ఆవకాయను మానుమని ఈ సభలో చెప్పి ఇంటికి క్షేమముగ పోగల ధైర్యము నాకు లేదు. ముద్దకు ముద్దకు నంజుకొనునది ఒక ముద్దకు మాత్రము నంజుకొనుడనుచున్నాను. రాత్రిపూట అన్నము కొంత తగ్గించి, కూర పెంచుడు.

ఇంతవరకు తిండి. ఇక నా మనస్సును కలచినది వేరొకటి కలదు. 2015–16 సర్వేలో, దేశమున 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో గర్భకోశము తీయించుకొన్నవారు నూటికి సుమారు ముగ్గురు. మన ఆంధ్రప్రదేశమున సుమారు తొమ్మండుగురు. దేశమునందెల్ల మనమే ముందు. ఇది మెచ్చుకొనదగిన మొదటి స్థానము కాదు. వీరిలో నలుబదేండ్లయిన నిండనివారు అనేకులు. తెల్లబట్టయని, నడుము నొప్పియని, అధిక రక్తస్రావమని పోయినవారికి "పిల్లలు పుట్టిరి గదా, ఇక దీనితో పనియేమి, తీసివేసిన పీడ విరగడ యగును" అను సలహా లభించుచున్నది. పీడ విరగడ కాదు. గర్భకోశముతోబాటు అండకోశములను గూడ తీసిన, ముప్పదియైదేండ్ల కోడలు ఒక్కరాత్రిలో ఏబదియేండ్ల అత్తగారగును. అండకోశములు మిగిల్చినను, ముట్లుడుగు వయస్సు కొన్నేండ్లు ముందుకు జరుగుట కలదు. గాదెకు కన్నము పదిపదునైదేండ్లు ముందే పడినదన్నమాట. ఆమెకు వేడి ఆవిరి తీవ్రము, ఎముక తరుగుదల తీవ్రము. ఆమె మాత్రము కుట్లు మానగానే మరల చేలోనికి నాట్లకు పోవుచున్నది.

అవసరము లేని ఈ శస్త్రచికిత్సలపై వ్యాజ్యము సుప్రీముకోర్టు దాక పోగా, వీనిని అరికట్టుటకు కేంద్రప్రభుత్వము రూపొందించిన మార్గదర్శకములను మూడు నెలలలో అమలుపరుపవలెనని 2023 ఏప్రిలులో ఆ న్యాయస్థానము రాష్ట్రములను ఆదేశించినది. పుండు పుట్టినపుడు, గడ్డ పెరిగినపుడు, తక్కిన చికిత్సకు లొంగనపుడు శస్త్రచికిత్స ప్రాణము నిలుపును. దానిని నిందింపను. కాని చేవ్రాలు చేయుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. మందుతో నయమగునా? అండకోశములను మిగిల్చెదరా? రెండవ వైద్యుడేమనును? ఇదివరకే చేయించుకొన్న సోదరీమణులున్నచో, వయస్సు ముప్పదియైదైనను, ఇందాక చెప్పిన విస్తరి వారికి నేటి నుండియే కావలెను. ఎముక పరీక్ష, హార్మోను చికిత్సనుగూర్చి వైద్యుని అడుగవలెను. చిన్నవయస్సున ముట్లుడిగినవారికి ఆ చికిత్స తరచుగా అవసరపడును.

ఇపుడొక భారతకథ. అరణ్యవాసమున ధర్మరాజునకు సూర్యుడు అక్షయపాత్ర నిచ్చెను. అతిథులు, బ్రాహ్మణులు, భర్తలు భుజించిన పిదప కడపట ద్రౌపది భుజించును. ఆమె భుజించు వరకు పాత్ర తరుగదు. ఈ కథను మనమందరము భక్తితో వింటిమి. అందలి ఒక సంగతిని మాత్రము గమనింపలేదు. కడపట తిన్నను ద్రౌపదికి కొరత లేదు. ఏలయన అది అక్షయపాత్ర. మన యింటి పాత్ర అట్టిది కాదు. మగవారు, పిల్లలు, వచ్చిన చుట్టములు తిన్న తరువాత మన యిల్లాలికి మిగులునది అన్నము, అడుగంటిన పులుసు, పచ్చడి. కూర అయిపోవును, పెరుగు అయిపోవును, గ్రుడ్డు మొదటనే అయిపోవును. ద్రౌపది ఆచారమును నిలుపుకొంటిమి. సూర్యుడిచ్చిన పాత్రను మాత్రము తెచ్చుకొనలేదు. ఇన్నూటయేబది మిల్లీగ్రాముల విస్తరి పేదరికమువలన కొంత, ఈ వరుసవలన కొంత ఏర్పడినది. నాలుగు గేదెలున్న యింటను ఎముకలు విరిగిన తల్లులు కలరు. కావున నువ్వులు, రాగులు తెచ్చిపడవేసిన చాలదు. అవి ఆమె విస్తరిలో పడినవో లేదో చూడవలెను. అందరును ఒకేసారి కూర్చుండి తినుట, లేదా ఆమె వాటా ముందుగనే వేరొక గిన్నెలో తీసియుంచుట ఈ రోగమునకు తొలి మందు.

ముగించుటకు ముందు ఒక హెచ్చరిక. ఏడాదిపాటు ముట్టు నిలిచిన తరువాత మరల ఒక్క బొట్టు నెత్తురు కనబడినను, అది తిండితో తీరునది కాదు. సిగ్గుపడక, జాగుచేయక వైద్యుని చూడవలెను. గర్భకోశమున పుట్టు కాన్సరు మొదట చూపు గురుతు అదియే. అట్లే ఆవిరులవలన నిద్ర, పని రెండును చెడుచున్నచో సోయాపొడులకు సొమ్ము తగులబెట్టక, చికిత్సలు కలవని తెలిసికొని ఆసుపత్రికి పోవలెను. తిండి వైద్యునకు తోడు, మారు కాదు.

ఈ గ్రంథాలయమువారికి ఒక విన్నపము. మన దేశపు ఆహారపదార్థములలో ఏది యెంత సత్తువ కలదో తెలుపు పట్టికలను జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించినది. ఆ పట్టికలో మన అంగడిలో దొరకు ఏబది వస్తువులను ఏర్చి, పెద్దయక్షరములతో తెలుగున వ్రాయించి, పఠనమందిరపు గోడకు తగిలింపుడు. వ్రాతపని నేను చేసిపెట్టెదను. లెక్కలు వ్రాయుట నాకలవాటే.

సోదరులకు ఒక విన్నపము. ఈ సభ ముగిసి ఇంటికి పోయినపుడు, మీ యింట నలుబదియైదు దాటిన తల్లియో, అక్కయో, భార్యయో ఉండును. నేటి భోజనమున ఆమె ఏమి తిన్నదో అడుగుడు. ఆమె "ఏదో తింటినిలే" అనును. ఆ మాటను నమ్మక, విస్తరి చూడుడు.

తల్లులారా, మీకును ఒక్క మాట. ఎందరికో చిమ్మిలి దంచి పెట్టిన చేతులు మీవి. ఈ సంక్రాంతికి ఇంకొక పిడికెడు నువ్వులు ఎక్కువగ వేయించి, ఆ యుండ మీరు తినుడు.